పిల్లల ముఖం చూపకుండా పేజీ నడపడం: ఓరుగల్లు ప్రాంత బాలల సంస్థలకు సోషల్ మీడియా మార్గదర్శి

రాత్రి పదిన్నరకు సంస్థ ఫేస్‌బుక్ పేజీకి ఒక మెసేజ్ వస్తుంది. "అన్నా, మా పక్కింటి పిల్లకు ఎల్లుండి పెండ్లి. పదో తరగతి చదువుతుంది. నా పేరు బయటికి రావద్దు." మరునాడు మధ్యాహ్నం దాకా దాన్ని ఎవరూ తెరవకపోతే ఆ పేజీకి 10 వేల మంది ఫాలోవర్లున్నా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. చాలా సంస్థలు లోగో, కవర్ ఫొటో, రీల్స్‌తో మొదలుపెట్టి ఇన్‌బాక్స్ సంగతి ఆర్నెల్ల తర్వాత ఆలోచిస్తాయి. ఈ మార్గదర్శి ఇన్‌బాక్స్ నుంచి మొదలవుతుంది.

ఇది వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, పెద్దపల్లి వైపు పనిచేసే చిన్న సంస్థల కోసం. అంటే ఐదు నుంచి పదిహేను మంది సిబ్బంది, ఒక పిల్లల వసతి హోమ్ గానీ ఊళ్లల్లో తిరిగే పని గానీ, లెక్కలు రాసే మనిషే సోషల్ మీడియా కూడా చూసుకోవాల్సిన పరిస్థితి ఉన్నచోట. ఏజెన్సీకి ఇచ్చే డబ్బు లేదనే లెక్కతోనే రాశాం.

ముందు జవాబు చెప్పే మనిషి

ఒక ఫోన్, ఒక రిజిస్టర్, ఇద్దరు మనుషులు. పొద్దున 7 నుంచి 2 వరకు ఒకరు, 2 నుంచి రాత్రి 9 వరకు ఒకరు. ఎవరి వంతు ఏ రోజో కాగితం మీద రాసి గోడకు అంటించండి. "అందరం చూస్తుంటాం" అంటే ఎవరూ చూడరు.

రాత్రి 9 దాటాక వాట్సాప్ బిజినెస్‌లో 'అవే' (away) మెసేజ్, అంటే మీరు లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబు, పెట్టండి. మాటలు ఇలా ఉండాలి: "నమస్తే. ఇప్పుడు ఆఫీసులో ఎవరూ లేరు. పిల్లలకు ఇప్పుడే ప్రమాదం ఉంటే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, రాత్రంతా పనిచేస్తుంది. పోలీసు సాయం కావాలంటే 112. మిగతా విషయాలకు రేపు పొద్దున 7 తర్వాత జవాబు ఇస్తాం." ఇక్కడొక చిక్కుంది. ఫోన్‌కు నెట్ ఉన్నప్పుడే ఈ మెసేజ్ వెళ్తుంది. వార్డెన్ రాత్రి డేటా ఆపి, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పడుకుంటే అవతలి మనిషికి ఏమీ చేరదు. హోమ్‌లో వైఫై ఉంటే దానికే కలిపి ఉంచండి. పేజీ బయోలోనూ, కవర్ ఫొటో మీదా 1098 కనిపించాలి.

వచ్చే మెసేజ్‌లు దాదాపు అన్నీ నాలుగు తీర్లుగా ఉంటాయి. ప్రమాదం గురించి చెప్పేవి, పిల్లల్ని చేర్చుకుంటారా అని అడిగేవి, డబ్బో వస్తువులో ఇస్తామనేవి, తిట్లూ ఫిర్యాదులూ. ఒక్కో తీరుకు జవాబు ముందే రాసి క్విక్ రిప్లైలో పెట్టుకోండి.

ప్రమాదం గురించిన మెసేజ్‌కు మొదటి జవాబు పది నిమిషాల్లో వెళ్లాలి. పై ఉదాహరణకు ఇలా రాయొచ్చు: "నమస్తే. మీ పేరు ఎవరికీ చెప్పం. ఊరు, మండలం, పెండ్లి తేదీ, ఈ మూడు చెప్పగలరా? అమ్మాయి పేరు ఇక్కడ రాయకండి, మేం ఫోన్ చేసినప్పుడు చెప్పండి." ఆ తర్వాత 1098కి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఫోన్ చేయాలి. బాల్య వివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. సమయం ఉంటే మేజిస్ట్రేట్ నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా పెండ్లి చేస్తే అది చెల్లదు. అందుకే "ఎల్లుండి" అన్న మాట చదివిన మనిషి దాన్ని రేపటికి వాయిదా వేయకూడదు.

లైంగిక హింస గురించిన మెసేజ్ అయితే చాట్‌లో ప్రశ్నలు వేయొద్దు. "ఏం జరిగింది, వివరంగా చెప్పమ్మా" అని పిల్లనే అడగడం, "ప్రూఫ్ ఉందా" అనడం, రెండూ తప్పే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద విషయం తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. ఎవరైనా వీడియో పంపితే దాన్ని ఆధారమని దాచుకోవద్దు, స్టాఫ్ గ్రూపులోకి పంపొద్దు. అలాంటి దృశ్యాలు ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో స్పష్టం చేసింది. పోలీసులకు వెంటనే చెప్పి, వాళ్లు చెప్పినట్టు నడుచుకోండి.

"మా తమ్ముడు చనిపోయిండు, ఇద్దరు పిల్లలను మీ దగ్గర ఉంచుకుంటరా" అనే మెసేజ్‌లు మిగతా అన్నింటికంటే ఎక్కువ వస్తాయి. "తీసుకొని రండి" అని రాయకూడదు. పిల్లల సంరక్షణ మీద నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) ఆదేశం లేకుండా హోమ్‌లో చేర్చుకునే వీల్లేదు. "మీరు ముందుగా సమితి ముందుకు రావాలి. పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకునేలా కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులకు నెలకు 4 వేల రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంటుంది. దానికి ఏ కాగితాలు కావాలో చెప్తాం" అని రాయండి. ఈ ఒక్క జవాబు సరిగా ఇస్తే హోమ్ దాకా రావాల్సిన అవసరమే లేని పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. పేజీ చేసే పనుల్లో దీనికి మించింది లేదు, ఏ లైకులకూ ఇది అందదు.

ప్రతి మెసేజ్‌కూ రిజిస్టర్‌లో ఒక వరుస: తేదీ, సమయం, ఏ తీరు, మొదటి జవాబు ఎప్పుడు, ఎవరికి చేరవేశారు. పిల్లల పేర్లు ఇందులో వద్దు. కేసు నంబరు చాలు.

నంబరు, పేజీ ఎవరి పేరు మీద

కోఆర్డినేటర్ సొంత ఫోన్‌తో పేజీ తెరుస్తారు. రెండేళ్లకు ఉద్యోగం మారుతారు. పేజీ కూడా వాళ్లతోనే పోతుంది. సంస్థల్లో ఇది ఎంత మామూలంటే, ఒకే పేరుతో మూడు పేజీలు, అందులో రెండు అనాథలుగా, కనబడుతుంటాయి. దాతలు పాత పేజీకే మెసేజ్ పెట్టి, జవాబు రాక వెళ్లిపోతారు.

సిమ్ సంస్థ పేరు మీద తీసుకోండి. కుదరకపోతే ట్రస్టీ లేదా కార్యదర్శి పేరు మీద. ఆఫీసు ల్యాండ్‌లైన్ ఉంటే వాట్సాప్ బిజినెస్‌ను దానితోనే నమోదు చేయొచ్చు, కోడ్‌ను ఫోన్ కాల్‌లో చెబుతుంది. రీచార్జ్ తేదీని ఖర్చుల పుస్తకంలో రాయండి. రీచార్జ్ ఆగిపోయిన నంబరు కొంతకాలానికి ఇంకొకరికి పోతుంది, 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా కూడా తొలగిపోతుంది. అప్పుడు పిల్లల విషయాలు రాసే మెసేజ్‌లు ఎవరో తెలియని మనిషికి చేరతాయి.

ఫేస్‌బుక్ పేజీకి కనీసం ఇద్దరు పూర్తి అధికారం ఉన్నవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ట్రస్టీ. మిగతా వాళ్లకు మెసేజ్‌లు చూసే, పోస్టులు పెట్టే అధికారం మాత్రమే ఇవ్వండి. అన్ని ఖాతాలకూ రెండంచెల భద్రత, వాట్సాప్‌కు ఆరంకెల పిన్. ఆ పిన్, రికవరీ మెయిల్ వివరాలు రాసి కవర్లో పెట్టి, చెక్‌బుక్ ఉండే బీరువాలోనే పెట్టండి. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజు తాళాలు తీసుకున్నట్టే పేజీ అధికారం కూడా తీసేయాలి.

ఎవరి కోసం ఏ యాప్

అన్నింట్లో ఉండాలనుకుంటే ఏదీ నడవదు. ముందు మనుషులను చూడండి.

పిల్లల సంగతి మీకు చెప్పేది అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, బడి పంతుళ్లు, మహిళా సంఘాల వాళ్లు, ఆటోవాళ్లు, కాజీపేట, వరంగల్ స్టేషన్ల బయట టీ కొట్లవాళ్లు. వీళ్లందరికీ వాట్సాపే. దాతలకు వాట్సాప్, ఫేస్‌బుక్. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీల నుంచి వచ్చే వలంటీర్లకు ఇన్‌స్టాగ్రామ్. సింగరేణి, ఎన్‌టీపీసీ రామగుండం లాంటి సంస్థల సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగాలు ఏ పోస్టుకూ లైక్ కొట్టవు కానీ దరఖాస్తు వచ్చినప్పుడు మీ పేజీ తెరిచి చివరి పోస్టు తేదీ చూస్తాయి. మీ దగ్గర పెరిగి బయటికి వెళ్లిన పిల్లలు ఇన్‌స్టాలోనే ఉంటారు, వాళ్లతో సంబంధం గురించి కింద వేరే చెప్తాం.

వాట్సాప్‌లో ఏ రూపం వాడాలన్నది చాలామంది తికమకపడే చోటు. గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు కానీ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. పిల్లల విషయాలు చర్చించే చోట అది ప్రమాదం. పైగా పండుగ శుభాకాంక్షలు, గుడ్ మార్నింగ్‌లు మూడో రోజే మొదలవుతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. సేవ్ చేసుకోని అంగన్‌వాడీ టీచర్‌కు మీరు పంపింది అందదు, అందలేదని మీకు తెలియదు. చానల్‌లో ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, ఎంతమందైనా చేరొచ్చు, కానీ వాళ్లు అక్కడ తిరిగి రాయలేరు.

మా సలహా ఇది. ప్రజలందరికీ చానల్ ఒకటి. మండలాల వారీగా అంగన్‌వాడీ, ఆశాలకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు. శిక్షణకు వచ్చినప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి" అని ఎదురుగా చేయించండి. గ్రూపు సిబ్బందికి మాత్రమే, అందులో కూడా అడ్మిన్లే పంపేలా పెట్టుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులను మెటా బిజినెస్ సూట్‌లో ఒకేసారి షెడ్యూల్ చేయొచ్చు, ఉచితమే. యూట్యూబ్ మొదటి ఏడాది వీడియోలు దాచిపెట్టుకునే చోటుగా ఉంటే చాలు.

పిల్లల ఫొటో

దీని మీద తొందరపడకుండా చదవండి. సంస్థలు చట్టానికి దొరికిపోయేదీ, పిల్లలకు ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే.

బాల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్: సంరక్షణ అవసరమైన పిల్లలు, నేరం చేశారన్న ఆరోపణ ఉన్న పిల్లలు, బాధితులు, సాక్షులు ఎవరి పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టేందుకు వీలిచ్చే మరే వివరమైనా బయటపెట్టకూడదు. ఏ మీడియాకైనా ఇది వర్తిస్తుంది, మీ వాట్సాప్ స్టేటస్ కూడా లెక్కలోకి వస్తుంది. శిక్ష 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లల మేలు కోసమని సమితి గానీ బాల న్యాయ బోర్డు గానీ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప మినహాయింపు లేదు. "వాళ్లమ్మ సంతకం పెట్టింది" అన్నది దానికి బదులు కాదు.

అయితే ముఖం మీద ఎమోజీ పెడితే సరిపోతుందా? సరిపోదు. మూడొందల ఇండ్లున్న ఊళ్లో పిల్లను వెనక నుంచి చూసినా గుర్తుపడతారు. ఫొటో పెట్టే ముందు వీటిని వరసగా చూడండి: యూనిఫారం మీద బడి బ్యాడ్జి, బస్సు మీద రూటు పేరు, వెనక ఫ్లెక్సీలో ఊరి పేరు, గుడి గోపురం, నాయనమ్మ ముఖం, చేతి మీద పచ్చబొట్టు, మీ హోమ్ గేటు బోర్డు. వీడియో అయితే చెవులతో కూడా చూడాలి. వెనక నుంచి ఎవరో పిల్ల పేరు పిలిచి ఉంటారు. పిల్లలు గీసిన బొమ్మ పెడదామనుకుంటారు, మంచిదే, కానీ కింద మూలలో తమ పేరు, తరగతి రాసుకోవడం పిల్లల అలవాటు.

ఫోన్‌లో మార్కర్ బ్రష్‌తో ముఖం మీద గీస్తే నల్లగా కనబడుతుంది. వెలుతురు పెంచి చూస్తే కింద ముఖం తేలుతుంది. ఎందుకంటే ఆ బ్రష్ సగం పారదర్శకం. మూసేయాలంటే నిండు రంగు డబ్బా పెట్టి, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ తీసి దాన్నే వాడండి. అంతకంటే మంచిది మొదటే ముఖం రాకుండా తీయడం. ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ లొకేషన్ వివరం పోతుంది కానీ "క్లారిటీ తగ్గొద్దు" అని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది.

మరి ఏం తీయాలి? గుమ్మం దగ్గర వరసగా విడిచిన చెప్పులు. జూన్‌లో కొత్త నోటుబుక్కులకు అట్టలు వేస్తున్న చేతులు. పొద్దున టిఫిన్‌కు ఉప్మా గంజు, దాని చుట్టూ ఖాళీ పళ్లాలు. ఆరేసిన యూనిఫారాలు, బ్యాడ్జి కనబడకుండా. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు పేరుస్తున్న వేళ్లు. ఇవన్నీ ముఖాల కంటే ఎక్కువ చెబుతాయనేది మా అభిప్రాయం, ఏడుస్తున్న పిల్లాడి ఫొటో కంటే కచ్చితంగా ఎక్కువ.

కథ రాస్తే ఊరు, వయసు, నెల మూడూ మార్చండి లేదా వదిలేయండి. "ఒక మండలం, పదమూడేళ్ల లోపు, ఈ ఏడాది" చాలు. ఆ విషయం జరిగిన వారం రోజుల్లో ఎప్పుడూ పెట్టొద్దు. ఊళ్లో ఆ మాట ఇంకా నలుగుతుంటుంది, తేదీ చూసి లెక్క కట్టేస్తారు.

పుట్టినరోజు భోజనాలు

హోమ్‌లు నడిపేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. ఎవరిదో పుట్టినరోజు, ఎవరిదో వర్ధంతి. బిర్యానీ, కేకు తెస్తారు. పిల్లలను చుట్టూ నిలబెట్టి ఇరవై ఫొటోలు తీసి, సాయంత్రానికి స్టేటస్ పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారు, వచ్చే ఏడాది రారు.

వాళ్లకు స్టేటస్ కావాలి. అది తప్పేమీ కాదు. మీరు ఇవ్వకపోతే వాళ్లే తీసుకుంటారు. కాబట్టి తేదీ ఖరారు చేసిన రోజే ఈ మెసేజ్ పంపండి:

"నమస్తే అండీ. 12వ తేదీ మధ్యాహ్నం భోజనం మీ కుటుంబం తరఫున రాసుకున్నాం. పిల్లల ఫొటోలు, వీడియోలు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఫోన్లు ఆఫీసు గదిలో పెట్టి లోపలికి రావాలి. మీ కోసం మా సిబ్బందే మంచి ఫొటోలు తీసి, అదే రోజు సాయంత్రం 5 లోపు మీకు పంపుతారు. మీ ఇష్టమున్నట్టు స్టేటస్ పెట్టుకోవచ్చు."

ఆఫీసులో ఒక బుట్ట, టోకెన్లు పెట్టుకోండి. కేకు కోస్తున్న దాతలను మీ సిబ్బంది పక్కన ఒక ఫొటో, వడ్డిస్తున్న చేతులు ఒకటి, పిల్లలు రాసిన "థాంక్యూ" చార్టు ఒకటి, అదీ పేర్లు లేకుండా. ఐదు గంటల లోపు అన్న మాట తప్పొద్దు. ఆరు దాటితే, దొంగచాటుగా తీసిన ఫొటో ఏదైనా ఉంటే అది అప్పటికే స్టేటస్‌లో ఉంటుంది. అధికారులు, నాయకులు వచ్చినప్పుడు వాళ్ల వెంట వచ్చే ఫొటోగ్రాఫర్‌కూ, లోకల్ యూట్యూబ్ చానళ్ల విలేకరులకూ 74వ సెక్షన్ రాసిన ఒక పేజీ కాగితం గేటు దగ్గరే ఇచ్చి సంతకం తీసుకోండి. కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఏం పెట్టాలి, ఎప్పుడు

అమెరికాలోని వంద పెద్ద స్వచ్ఛంద సంస్థల ట్వీట్లను లవ్‌జాయ్, శాక్స్‌టన్ అనే పరిశోధకులు పరిశీలించి 2012లో ప్రచురించారు. వాటిని సమాచారం, బంధం, పని అని మూడు రకాలు చేశారు. సగానికి మించి ఉత్త సమాచారమే, ఏదైనా చేయమని అడిగేవి బాగా తక్కువ. ఇక్కడి పేజీలు చూసినా అంతే. "ఈరోజు అవగాహన సదస్సు నిర్వహించాం" అనే పోస్టు, వేదిక మీద ఏడుగురు, వెనక ఫ్లెక్సీ. అది సంస్థ డైరీ. చదివినవాళ్లకు చేసేదేమీ లేదు.

వారానికి రెండు పోస్టులు చాలు, ఏడాది పొడుగునా ఆగకుండా. ఒకటి చదివినవాళ్లకు పనికొచ్చేది, ఒకటి వాళ్లను ఏదో ఒకటి చేయమని అడిగేది. రాత్రి 8 తర్వాత పెట్టండి, చేను పని, వంటలు అయ్యాక ఊళ్లల్లో ఫోన్ పట్టుకునే వేళ అది.

ఈ ప్రాంతం క్యాలెండర్ వేరు. ఎండాకాలం పెండ్లిళ్లకు మార్చి నుంచే బాల్య వివాహాల మీద పెట్టాలి, ముహూర్తాలు పెట్టుకున్నాక చెబితే ఎవరూ వినరు. "కళ్యాణలక్ష్మి రావాలంటే అమ్మాయికి 18 నిండాలి" అన్న మాట చట్టం సెక్షన్ల కంటే బాగా ఎక్కుతుంది. ఏప్రిల్, మే సెలవుల్లో బావులు, చెరువుల్లో ఈతకు పోయే పిల్లల గురించి. జూన్ 12 బాల కార్మిక వ్యతిరేక దినం, అప్పుడే బడులు తెరుస్తారు, బడిబాట నడుస్తుంది. దసరా దాటాక పత్తి ఏరుడు, ఆ తర్వాత మిర్చి. బడి రిజిస్టర్‌లో పిల్లలు తగ్గేది అప్పుడే. తప్పిపోయిన, పనిలో ఉన్న పిల్లలను వెతికి కాపాడే ఆపరేషన్ స్మైల్‌ను జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్‌ను జూలైలో పోలీసులు ఏటా చేస్తారు, ఆ నెలల్లో మీ సమాచారానికి కదలిక ఎక్కువ. రెండేళ్లకోసారి మేడారం జాతర. పది రోజుల ముందు నుంచి ఒకే ఒక్క మాట: పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టండి.

అడిగే పోస్టులో సంఖ్య ఉండాలి. "బట్టలు ఇవ్వండి" అంటే పాత పట్టుచీరలు, చిరిగిన ప్యాంట్లు మూటలుగా వస్తాయి, వాటిని వదిలించుకోవడమే ఇంకో పని. "22 దుప్పట్లు కావాలి, సింగిల్ బెడ్ సైజు. 8 వచ్చాయి, ఇంకా 14" అని రాయండి. అంకె మారినప్పుడల్లా అదే పోస్టులో దిద్దండి. చివరికి "22 వచ్చేశాయి, ఇక పంపొద్దు, చలికి సరిపోతాయి" అని పెట్టండి. ఈ చివరి పోస్టును చాలామంది మర్చిపోతారు. మళ్లీ అడిగినప్పుడు జనం నమ్మేది దీన్ని చూసే.

నలభై సెకన్ల వీడియో

ఒక్క వీడియో ఎలా చేయాలో చూద్దాం. విషయం: స్టేషన్లో ఒంటరిగా పిల్లాడు కనిపిస్తే. ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ లైన్లు కలిసే కాజీపేట జంక్షన్‌లో ఇది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ఫోన్ నిలువుగా. ఐదు ముక్కలు, ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు. మొదటి ముక్కలోనే ప్రశ్న: "బ్యాగు లేదు, పెద్దవాళ్లు లేరు, పిల్లాడు ఒక్కడే కూర్చున్నడు. ఏం చేస్తరు?" రెండో ముక్క: చేయకూడనిది, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. మూడు: పక్కన కూర్చొని నీళ్లు ఇవ్వడం, పేరు మాత్రమే అడగడం. నాలుగు: 1098, లేదా స్టేషన్లో ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం). ఐదు: వాళ్లు వచ్చేదాకా వదిలి వెళ్లకపోవడం. పిల్లాడి పాత్రకు పిల్లాడు అక్కర్లేదు. ఖాళీ బెంచీ మీద ఒక చిన్న చెప్పుల జత చాలు. రైల్వే ఆవరణలో షూటింగ్‌కు అనుమతి కావాలి, బస్టాప్ బెంచీ దగ్గర తీయండి.

మాట్లాడేది ఫ్యాను కింద కాదు. ఫ్యాను గాలి మైకులో హోరుమంటుంది. కాలర్ మైకు ఒకటి కొనండి. వెనక జాతర పాటో, డీజేనో వినబడితే కాపీరైట్ నోటీసు వస్తుంది, వీడియో మూగబోతుంది. పాట కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. అక్షరాలు తెర మధ్యలో ఉంచండి, అడుగున పెడితే రీల్స్ బటన్ల కింద దాగిపోతాయి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు "పిల్లల కోసం చేసిందా" అని అడుగుతుంది. పిల్లల గురించి చేసిన వీడియో వేరు, పిల్లలు చూడడానికి చేసింది వేరు. అవునని నొక్కితే కామెంట్లు ఆగిపోతాయి.

మహబూబాబాద్ తండాలకు లంబాడీలో, ములుగు వైపు కోయలో, వరంగల్ నగరంలో ఉర్దూలో, పెద్దపల్లి ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలకు ఒడియాలో అదే మాటను ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా చేయించండి. చదవడం రానివాళ్లకు పోస్టర్ ఎంత బాగున్నా పనికిరాదు. ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషితోనే చెప్పించాలి.

తప్పిపోయిన పిల్లలు, దత్తత ఫార్వర్డులు

"ఈ పాప దొరికింది, అందరికీ షేర్ చేయండి" అని మీ దగ్గరికి రోజూ వస్తాయి. మీరు ఫార్వర్డ్ చేస్తే సంస్థ ముద్ర పడినట్టే. దొరికిన పిల్లను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. ఫొటో తిప్పడం ఆ పనిలో భాగం కాదు. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లకు ఇంట్లోనే ప్రమాదం ఉండి ఉండొచ్చు, ఆ ఫొటో చూసి ముందు వచ్చేది ఎవరో మనకు తెలియదు. తప్పిపోయిన పిల్లల విషయంలో ఎఫ్‌ఐఆర్ అయ్యాక పోలీసులు పెట్టిన పోస్టునే పంచండి, దొరికిన రోజే తీసేయండి. మీరు చేసే ఏ పోస్టర్‌లోనైనా తేదీని బొమ్మ లోపలే రాయండి. క్యాప్షన్‌లో రాస్తే ఫార్వర్డ్‌లో రాలిపోతుంది. ఐదేళ్ల కిందటి పోస్టర్లు ఇప్పటికీ తిరుగుతున్నది అందుకే.

"రోజుల బిడ్డ, దత్తతకు కావాలంటే ఈ నంబరు" అనేది వస్తే అది నేరానికి సంబంధించిన సమాచారం. దత్తత కేంద్ర దత్తత సంస్థ 'కారా' (CARA) ద్వారానే. బాల న్యాయ చట్టాన్ని తప్పించి ఇవ్వడం, తీసుకోవడం 80వ సెక్షన్ కింద, అమ్మడం కొనడం 81వ సెక్షన్ కింద నేరాలు. కామెంట్‌లో వాదించకుండా స్క్రీన్‌షాట్ తీసి బాలల సంరక్షణ విభాగానికీ పోలీసులకూ ఇవ్వండి.

డబ్బు

స్కానర్ పోస్టర్ కింద, స్కాన్ చేస్తే ఏ పేరు రావాలో పెద్దక్షరాల్లో రాయండి. మీ పోస్టర్ మీద వేరే స్కానర్ అతికించి తిప్పేవాళ్లున్నారు. సంస్థ ఖాతా తప్ప ఎవరి సొంత ఫోన్‌పే నంబరూ వద్దు, ఒక్క రోజుకైనా సరే. ఆదాయపు పన్ను మినహాయింపుకు 80జీ రసీదు కావాలంటే పేరు, చిరునామా, పాన్ అడగాలి. 2 వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని ముందే చెప్పండి.

కరీంనగర్, వరంగల్ నుంచి బయటి దేశాలకు వెళ్లినవాళ్లు పోస్టు చూసి వెంటనే పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు ఉన్నా సరే, పంపితే వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మెసెంజర్‌లోనే "మీది ఏ పాస్‌పోర్టు అండీ" అని అడగడం మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి.

పెరిగి వెళ్లిన పిల్లలు, పాత పోస్టులు

మీ దగ్గర పెరిగినవాళ్లను "మా హోమ్ నుంచి ఇంజినీరైన..." అని ట్యాగ్ చేయొద్దు. కాలేజీలో, అత్తగారింట్లో వాళ్లు ఆ సంగతి చెప్పుకున్నారో లేదో మీకు తెలియదు. వాళ్లే ముందుకొచ్చి మాట్లాడతామంటే, 18 నిండాక, వీడియో పూర్తిగా చూపించి, రెండు వారాలు ఆలోచించుకోనిచ్చి పెట్టండి. సిబ్బంది ఎవరూ సొంత ఖాతా నుంచి మైనర్లతో చాట్ చేయకూడదు. పిల్లల నుంచి మెసేజ్ వస్తే సంస్థ ఫోన్ నుంచే, రెండో మనిషి కూడా చూసేలా జవాబివ్వాలి.

నెలాఖరున రిజిస్టర్ తీసి నాలుగు లెక్కలు చూడండి: ఎన్ని మెసేజ్‌లు, మొదటి జవాబుకు సగటున ఎంతసేపు, 1098కో సమితికో చేరినవి ఎన్ని, రెండోసారి ఇచ్చిన దాతలు ఎందరు. వ్యూస్ సీఎస్‌ఆర్ దరఖాస్తులో రాయడానికి పనికొస్తాయి.

ఏటా మే నెలలో, బడులు లేని వారం చూసుకొని, పేజీ మొదటి పోస్టు దాకా వెనక్కి వెళ్లండి. ఈ నియమాలు లేనప్పుడు పెట్టిన ముఖాలన్నీ తీసేయండి. సంస్థ పేరుతో వెతికి, దాతలు ట్యాగ్ చేసినవీ చూసి, తీసేయమని ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టండి. చాలామంది తీసేస్తారు. తీయనివాళ్ల పోస్టుల నుంచి ట్యాగ్ తొలగించి, పేజీలో రిపోర్ట్ చేసి, ఆ లింకులు రిజిస్టర్ చివరి పేజీలో రాసుకోండి, వచ్చే మేలో మళ్లీ చూడాల్సింది వాటినే.